సహాయ పాత్ర కథను మోస్తోందా, ఫార్ములాలో గడిని నింపుతోందా? యానిమేషన్ చిత్రాలు, ధారావాహికలపై చర్చ

చిత్రరేఖ (చర్చ ప్రారంభం)

యానిమేషన్ చిత్రాల గురించి మాట్లాడేటప్పుడు నాయకుడు ఎవరు, ప్రతినాయకుడు ఎవరు, ముగింపు ఎలా ఉంది అన్న ప్రశ్నల దగ్గరే మన చర్చ చాలాసార్లు ఆగిపోతుంది. పక్కనే తిరిగే ఎలుక, పీత, గాడిద, మంచుబొమ్మ వంటివి పిల్లలను నవ్వించడానికీ, బొమ్మలుగా అమ్ముకోవడానికీ పెట్టినవేనని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఈ రంగంలో ఫార్ములా ఎంత బలమైనదో అందరికీ తెలుసు: ఏదో లోటుతో బాధపడే నాయకుడు, అతని కోరికను చెప్పే పాట, వెంట నడిచే హాస్యపాత్ర, దారి చూపే పెద్ద, ముగింపుకు కాస్త ముందు స్నేహం తెగిపోయే ఘట్టం, ఆ తర్వాత కలయిక. చట్రం ఒకటే అయినా ఒక చిత్రం తరాల తరబడి నిలుస్తుంది, మరొకటి ఏడాది తిరగకముందే మరుగున పడుతుంది. ఆ తేడా ఎక్కువగా సహాయ పాత్రల దగ్గరే తేలుతుందని నేను నమ్ముతున్నాను.

అందుకు ఒక పరీక్షను ప్రతిపాదిస్తున్నాను. ఆ పాత్రను కథలోంచి పూర్తిగా తీసేసి చూడండి. నాయకుడి నిర్ణయాల్లో గానీ, వాటి ఫలితాల్లో గానీ మార్పు వస్తే ఆ పాత్ర కథను మోస్తున్నట్టు. ఏ మార్పూ రాకపోతే ఫార్ములాలో ఖాళీగా ఉన్న గడిని నింపడానికి వచ్చినట్టు.

1937 నాటి ‘స్నో వైట్ అండ్ ద సెవెన్ డ్వార్ఫ్స్’ తో మొదలుపెడతాను. గ్రిమ్ సోదరుల కథలో ఏడుగురు మరుగుజ్జులకు విడివిడిగా పేర్లు లేవు, స్వభావాలూ లేవు. డిస్నీ చిత్రం ఒక్కొక్కరికీ పేరు, నడక, ముఖకవళిక ఇచ్చింది. వారిలో గ్రంపీని గమనించండి. ఇంట్లోకి ఆడపిల్ల వచ్చిందని మొదటి నుంచీ గొణిగేది అతనే, ఎవరినీ లోపలికి రానివ్వవద్దని స్నో వైట్‌ను గట్టిగా హెచ్చరించేదీ అతనే. గనికి వెళ్లే ముందు ఆమె ముద్దుపెట్టగానే విసురుగా నడిచిపోతాడు. నాలుగడుగులు వేశాక ఆగుతాడు, ముఖం మెత్తబడి నిట్టూరుస్తాడు. ఆమె తనవైపే చూస్తోందని తెలియగానే మళ్లీ ముఖం ముడుచుకొని వడివడిగా కదిలి చెట్టుకు గుద్దుకుంటాడు. ఆపద తెలిసినప్పుడు అందరికంటే ముందు పరుగు తీసేదీ అతనే. ఆ చిత్రంలో కథానాయిక మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరులో ఉంటుంది. మారేది గ్రంపీ. ప్రేక్షకుడికి కావలసిన హృదయ పరివర్తన మొత్తాన్ని ఒక సహాయ పాత్ర భరించింది.

మీ ఉదాహరణలు కూడా చెప్పండి. నా పరీక్ష ఎక్కడ నిలబడదో చూపించినా సంతోషమే.

పాతరీలు

చిత్రరేఖ గారూ, ఆ వెంటనే వచ్చిన చిత్రం మీ వాదానికి మరింత గట్టి ఆధారం. కార్లో కొల్లోడి రాసిన ‘పినోకియో’ మూలకథలో మాట్లాడే కీచురాయి కథ మొదట్లోనే నీతులు చెప్పబోతుంది, కొయ్యబొమ్మ విసిరిన సుత్తి దెబ్బకు చచ్చిపోతుంది. తర్వాత ఆత్మగా తిరిగి కనిపిస్తుంది. డిస్నీ సంస్థ ఆ కథను తెరకెక్కించేటప్పుడు పినోకియో పాత్ర ప్రేక్షకుడి అభిమానాన్ని పొందేలా లేదని గ్రహించి, పనిని కొంతకాలం నిలిపివేసింది. ఆ తర్వాత బొమ్మ రూపాన్ని పిల్లవాడికి దగ్గరగా మార్చారు, కీచురాయిని జిమినీ క్రికెట్‌గా పెంచి కథంతా నడిపించారు. 1940లో విడుదలైన చిత్రంలో కథ చెప్పేవాడు, అంతరాత్మ, తోడు అన్నీ అతనే. నాయకుడి లోపాన్ని సరిదిద్దడానికి సహాయ పాత్రను పెంచడమన్న పద్ధతి తర్వాతి దశాబ్దాల్లో ఎన్ని చిత్రాలకు ఆధారమైందో లెక్కపెట్టడం కష్టం.

ఫార్ములా పుట్టుకకు ఇంకో ఉదాహరణ పొపాయ్. సెగార్ గీసిన ‘థింబుల్ థియేటర్’ అన్న కామిక్ 1919లో మొదలైంది. పొపాయ్ అందులోకి వచ్చింది 1929లో, అదీ ఒక ప్రయాణానికి కావలసిన నావికుడిగా మాత్రమే. పాఠకులు అతన్ని వదలలేదు. 1933 నుంచి ఫ్లైషర్ స్టూడియో తీసిన కార్టూన్లలో అతను పూర్తిస్థాయి నాయకుడు. దెబ్బలు తినడం, పాలకూర డబ్బా తెరవడం, తిరగబడడం అన్న వరుస అక్కడ స్థిరపడింది. ఆ వరుసలో ప్రత్యర్థి బ్లూటో లేకపోతే పాలకూరకు పనే లేదు.

స్టోరీబోర్డు

బొమ్మలు గీసే పని వైపు నుంచి ఒక విషయం చెబుతాను. నవలలో నాయిక మనసులోని మాటను రచయిత నేరుగా రాయగలడు. తెరమీద ఆ ఆలోచన బయటికి రావాలంటే వినేవాడు ఒకడు కావాలి. అందుకే పక్కన ఒక పాత్రను నిలబెడతారు. ఇక్కడిదాకా అది అవసరం మాత్రమే. మంచి రచయిత ఆ వినేవాడికి విన్నందువల్ల ఒక చిక్కు కూడా తెచ్చిపెడతాడు.

1989లో వచ్చిన ‘ద లిటిల్ మెర్‌మెయిడ్’ లో మత్స్యకన్య ఏరియల్ పాడే కోరిక పాటను తీసుకోండి. ఒక ప్రదర్శనలో పిల్లలు కుదురుగా కూర్చోలేదని ఆ పాటను తీసేయాలని స్టూడియోలో ఆలోచన వచ్చింది. పాట రాసిన హోవర్డ్ ఆష్‌మన్ తదితరులు పట్టుబట్టి నిలబెట్టారు. ఆ పాట జరుగుతున్నంతసేపూ ఆమె రహస్య గుహలో సెబాస్టియన్ అనే పీత దాక్కొని ఉంటాడు. అతను రాజుగారి సంగీతాధికారి, ఏరియల్‌పై కన్నేసి ఉంచమని రాజే పంపించినవాడు. అంటే ఆ అమ్మాయి తన రహస్య కోరికను తెలియకుండానే తండ్రి మనిషి ముందు బయటపెడుతోంది. ఆ తర్వాత రాజు ముందు భయంతో నోరుజారి, ఆమె ప్రేమిస్తున్నది మనిషినని చెప్పేసేదీ సెబాస్టియనే. రాజు కోపంతో గుహను ధ్వంసం చేస్తాడు. ఆ దుఃఖంలోనే ఏరియల్ సముద్ర మంత్రగత్తె ఉర్సులా దగ్గరికి వెళ్లి ఒప్పందం చేసుకుంటుంది. సెబాస్టియన్‌ను తీసేస్తే ఆ ఒప్పందం జరిగే అవకాశమే లేదు. మొదట్లో ఆ పాత్రను ఇంగ్లిష్ బట్లర్ తరహాలో అనుకున్నారు. జమైకా యాస ఇవ్వమని సూచించింది ఆష్‌మనే. ఆ ఒక్క మార్పుతో చిత్రంలోని సంగీతానికి కరీబియన్ లయ వచ్చింది, ఆ లయ ‘అండర్ ద సీ’ పాటను ఇచ్చింది. ఒక సహాయ పాత్ర కథ మలుపునూ, మొత్తం చిత్రం వినిపించే తీరునూ నిర్ణయించిన సందర్భం ఇది.

1998 నాటి ‘ములాన్’ లోని ముషూ అనే చిన్న డ్రాగన్ కూడా ఇలాంటివాడే. సేనాధిపతి రాసినట్టు దొంగ ఉత్తరం సృష్టించి, శిక్షణలో ఉన్న దళాన్ని యుద్ధరంగానికి కదిలించింది అతనే. నవ్వు వస్తున్నందువల్ల అది కథను తిప్పిన పని అన్న సంగతి మన దృష్టికి రాదు.

మూడోఅంకం

పరీక్ష బాగుంది కానీ దానికి లొంగని పాత్రలు ఉన్నాయి. ‘ఐస్ ఏజ్’ మొదటి చిత్రంలో, అంటే 2002లో, స్క్రాట్ అన్న ఉడుత వంటి జీవి ఒక గింజను నేలలో పాతబోయి మంచుకొండను చీల్చుకుంటుంది. ఆ తర్వాత మిగిలిన చిత్రమంతా తన గింజ వెనకే తిరుగుతుంది. మానీ, సిడ్, డియేగో పసివాణ్ని తండ్రికి చేర్చే ప్రయాణంలో తీసుకునే ఏ నిర్ణయమూ స్క్రాట్ వల్ల మారదు. మీ లెక్క ప్రకారం అది గడిని నింపే పాత్ర. అయినా ఆ చిత్రంలోంచి స్క్రాట్‌ను తీసేస్తే ఏం మిగులుతుందో ఊహించుకోండి. మానీ తన కుటుంబాన్ని పోగొట్టుకున్న సంగతి గుహ గోడ మీది బొమ్మల ద్వారా తెలిసే ఘట్టం అంత బరువుగా ఉండగలగడానికి, ఆ బరువు నుంచి ప్రేక్షకుడిని అప్పుడప్పుడు బయటికి తెచ్చే ఒక మాటలేని హాస్యం అక్కడక్కడా ఉండడం కూడా ఒక కారణం. కథకు కారణకార్యాలు ఎంత అవసరమో ఊపిరి కూడా అంతే అవసరం. ఆ ఊపిరి పని చేసే పాత్రను తక్కువ చేయడం న్యాయం కాదని నా మనవి.

చిత్రరేఖ

మూడోఅంకం గారూ, స్క్రాట్ విషయంలో మీ మాటను గౌరవిస్తూనే ఒక భేదం చూపిస్తాను. స్క్రాట్‌కు తనదైన కోరిక ఉంది, తనదైన అడ్డంకి ఉంది, తనదైన ఓటమి ఉంది. అతను నాయకుడి పక్కన నిలబడి చమత్కారాలు విసరడం లేదు. పక్కనే సాగుతున్న మరో చిన్న కథకు అతనే నాయకుడు. నేను ఆక్షేపించేది నాయకుడి భుజం మీద కూర్చొని, ప్రతి గంభీరమైన మాట తర్వాత ఒక జోకు వేసి, ఆ మాట బరువును చెరిపేసే పాత్రలను. అవి ఊపిరి ఇవ్వవు, ఊపిరి తీసుకోనివ్వవు. తనకంటూ ఒక కోరిక ఉందా అన్నది నా పరీక్షలో రెండో ప్రశ్నగా చేర్చుకుంటే స్క్రాట్ నిలబడతాడు, ఆ జోకులపాత్రలు నిలబడవు.

నాటకప్రియ

మన సంస్కృత నాటకాల్లో విదూషకుడు ఈ హాస్య సహచరుడికి పూర్వీకుడని ఎవరైనా ఒప్పుకుంటారు. కాళిదాసు ఆ పాత్రతో చేసిన పనిని మాత్రం తగినంతగా గుర్తించలేదేమో. శాకుంతలం రెండో అంకం చివర దుష్యంతుడు విదూషకుడైన మాధవ్యుణ్ని రాజధానికి పంపేస్తూ, శకుంతల గురించి తాను చెప్పిందంతా పరిహాసమేనని, నిజమనుకోవద్దని అంటాడు. మాధవ్యుడు నమ్ముతాడు. శకుంతల సభకు వచ్చే వేళకు అతన్ని రాణి హంసపదికను సముదాయించడానికి పంపించేశారు కనుక అక్కడా ఉండడు. ఆరో అంకంలో రాజు పశ్చాత్తాపంతో, నువ్వైనా ఎందుకు గుర్తుచేయలేదని అడిగితే, అదంతా పరిహాసమని మీరే కదా చెప్పారని జవాబిస్తాడు. దుర్వాసుడి శాపం పారాలంటే నిజం తెలిసిన మిత్రుడు నోరు విప్పకుండా ఉండాలి. ఆ ఏర్పాటును కవి ఒక హాస్య ప్రసంగం చాటున చేసిపెట్టాడు. చిత్రరేఖ గారి పరీక్షలో మాధవ్యుడు తన గైర్హాజరీతోనే నెగ్గుతాడు.

యానిమేషన్‌లో ఇంత పకడ్బందీగా అల్లిన సహచరుడు నాకు 1992 నాటి ‘అలాద్దీన్’ లో కనిపిస్తాడు. జీనీ అనగానే అందరూ రాబిన్ విలియమ్స్ గొంతునూ, క్షణానికో రూపం మార్చే ఆ గీతలనూ తలుచుకుంటారు. కథలో అతని స్థానం అంతకంటే పెద్దది. మూడో కోరికతో నీకు విముక్తి ఇస్తానని అలాద్దీన్ మాట ఇస్తాడు, సుల్తాన్ కావలసిన వేళ ఆ మాట తప్పబోతాడు, చివరకు నిలబెట్టుకుంటాడు. నాయకుడు ఎంత ఎదిగాడో కొలిచే కొలబద్ద ఆ దీపంలో ఉన్నవాడి స్వేచ్ఛే. హాస్యం అంతా తీసేసినా ఆ మాట వల్ల కథ నిలుస్తుంది.

నేపథ్యగళం

డబ్బింగ్ మీద ఆసక్తితో ఒకే చిత్రాన్ని వేర్వేరు భాషల్లో పోల్చి చూసే అలవాటు నాది. ఫార్ములా ఒక చిత్రంలోకి బయటి నుంచి ఎలా చొరబడుతుందో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. హయావో మియజాకి 1989లో తీసిన ‘కికీస్ డెలివరీ సర్వీస్’ లో కికి అనే చిన్న మంత్రగత్తెకు జిజి అనే నల్లపిల్లి తోడు. కికికి తన శక్తి మీద నమ్మకం సడలినప్పుడు పిల్లి మాట ఆమెకు అర్థం కాకుండా పోతుంది. చివర ఎగిరే శక్తి తిరిగి వస్తుంది గానీ, జపనీస్ మూలంలో పిల్లి మళ్లీ మాట్లాడదు. వచ్చి భుజమెక్కి మ్యావ్ అంటుంది, అంతే. కికి పెద్దదవుతోంది కనుక ఆ పాత అవసరం తీరిపోయిందని ప్రేక్షకుడు గ్రహించాలి.

డిస్నీ 1998లో విడుదల చేసిన ఆంగ్ల అనువాదంలో జిజికి ఫిల్ హార్ట్‌మన్ గొంతు ఇచ్చాడు. మూలంలో నిశ్శబ్దంగా ఉన్న చోట్ల కూడా చమత్కారాలు చేరాయి, చివర పిల్లికి మాట తిరిగి వచ్చినట్టు వినిపించే సంభాషణ కూడా చేరింది. ఆ నటుడి ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు, వింటుంటే హాయిగానే ఉంటుంది. కానీ ‘పక్కన ఉండే జంతువు జోకులు వేయాలి, చివర అంతా మొదటికి రావాలి’ అన్న ఫార్ములా, పెద్దవడం గురించిన ఒక కథలో పెద్దవడం వల్ల కలిగే నష్టాన్ని చెరిపేసింది. ఒక్క సహాయ పాత్ర సంభాషణ మార్చితే చిత్రం చెప్పే విషయమే మారిపోయింది. గీసిన బొమ్మల్లో ఒక్క గీత కూడా మారలేదు.

వారంవారం

మీరంతా సినిమాల గురించే మాట్లాడుతున్నారు. ధారావాహికల లెక్క వేరు. సినిమాలో నాయకుడు మారాలి. వారం వారం వచ్చే ధారావాహికలో అతను మారకూడదు, ఎందుకంటే వచ్చే వారం మళ్లీ అదే చోటి నుంచి మొదలుకావాలి. డొరేమాన్ కథల్లో నోబిత ఎన్ని పాఠాలు నేర్చుకున్నా మరుసటి భాగంలో అదే బద్ధకంతో కనిపిస్తాడు. అక్కడ వైవిధ్యమంతా జియాన్ బెదిరింపు, సునియో గొప్పలు, షిజుకా స్నేహం, జేబులోంచి వచ్చే కొత్త పరికరం వీటి కలయికలోంచే పుట్టాలి. 1980లో మొదలైన డొరేమాన్ సినిమాల్లో అదే జియాన్ ధైర్యవంతుడైన మిత్రుడిగా కనిపించడం గమనించండి. సినిమాకు మార్పు కావాలి, ధారావాహికకు స్థిరత్వం కావాలి. ఒకే పాత్ర ఈ రెండు అవసరాలకూ రెండు రకాలుగా ఒదిగింది.

స్కూబీ-డూ చరిత్ర ఇంకా స్పష్టమైన పాఠం. 1969లో మొదలైన ఆ ధారావాహికలో అయిదుగురు (నలుగురు యువతీయువకులు, స్కూబీ అన్న కుక్క), ఒక వరుస: దెయ్యం కనిపించడం, ఆధారాలు వెతకడం, తరుముకోవడం, ఉచ్చు పన్నడం, ముసుగు తీయడం. దెయ్యం వెనక మనిషి ఉంటాడన్న భరోసా చిన్నపిల్లలకు భయాన్ని అనుభవించే ధైర్యం ఇచ్చింది. వెల్మా తర్కిస్తుంది, ఫ్రెడ్ ఉచ్చు పన్నుతాడు, షాగీ, స్కూబీ భయపడతారు. ఆ భయమే ఉచ్చును పాడుచేసి అనుకోకుండా దొంగను పట్టిస్తుంది. 1979లో స్క్రాపీ-డూ అన్న కుక్కపిల్లను చేర్చారు, దానికి భయమే లేదు. ఆ మరుసటి ఏడాది వచ్చిన చిన్న భాగాల్లో ఫ్రెడ్, వెల్మా, డాఫ్నీ లేకుండా పోయారు. తర్కించేవారు పోయాక రహస్యం పోయింది, రహస్యం పోయాక ముసుగు తీసే ఘట్టం పోయింది. ఒక సహాయ పాత్రను చేర్చి ముగ్గురిని తీసేస్తే ఫార్ములా పేరు మాత్రమే మిగిలింది.

ఖర్చు సంగతి కూడా మరచిపోవద్దు. హానా-బార్బెరా వారి యోగి బేర్ మెడకు కాలర్, టై ఎందుకున్నాయో తెలుసా? శరీరాన్ని కదపకుండా తలను మాత్రమే విడిగా గీసి కదిలించినా ఆ గీత దగ్గర అతుకు కనిపించకుండా ఉంటుంది. కదలిక తగ్గినప్పుడు గొంతు, మాట, పక్కవాడితో సంభాషణ ఆ లోటును పూడ్చాలి. యోగి పక్కన బూబూ ఉండడానికి అది కూడా ఒక కారణమని నా అంచనా.

స్టోరీబోర్డు

వారంవారం గారి మాటకు కొనసాగింపుగా, సహాయ పాత్రను నాయకుణ్ని చేస్తే ఏమవుతుందన్న ప్రశ్న వేసుకోవాలి. 2010 నాటి ‘డెస్పికబుల్ మీ’ లో పక్కన ఉన్న మినియన్లకు 2015లో సొంత చిత్రం వచ్చింది, అది ప్రపంచవ్యాప్తంగా వంద కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. వ్యాపారపరంగా దానికి తిరుగులేదు. కానీ నాయకుడు గ్రూ అన్న కేంద్రం పక్కన ఉన్నప్పుడు వాటి అల్లరికి ఉన్న పదును, అవే కేంద్రమైనప్పుడు నాకు కనిపించలేదు.

దీనికి పూర్తి భిన్నంగా పిల్లి వీరుడు పుస్ ఇన్ బూట్స్‌ను చూడండి. 2004లో ‘ష్రెక్ 2’ లోకి అతను ష్రెక్‌ను చంపడానికి కుదుర్చుకున్న కిరాయి వీరుడిగా వచ్చాడు. 2022 నాటి రెండో సొంత చిత్రంలో అతని తొమ్మిది ప్రాణాల్లో ఎనిమిది అయిపోయాయి, తోడేలు రూపంలో మృత్యువు వెంటాడుతోంది. అడవిలో భయంతో ఊపిరాడక చెట్టుకు ఆనుకొని కూలబడ్డప్పుడు, పెరిటో అన్న కుక్కపిల్ల ఏమీ అడగకుండా అతని పొట్ట మీద తల ఆనించి పడుకుంటుంది. పుస్ చెయ్యి నెమ్మదిగా దాని తల మీదికి వస్తుంది, ఊపిరి కుదుటపడుతుంది. అంతకుముందు దాకా వాగుడుకాయగా నవ్వించిన పాత్ర ఆ ఘట్టంలో మాట ఆపేయడమే దాని బలం. నాయకుడిగా ఎదిగిన సహాయ పాత్రకు మళ్లీ తనదైన సహాయ పాత్ర దొరికింది కనుకనే ఆ చిత్రం నిలబడిందని నా అభిప్రాయం.

మూడోఅంకం

స్నేహితుడి ముసుగులోని శత్రువు అన్న ఫార్ములా గురించి ఒక మాట. ‘ఫ్రోజెన్’ 2013లో వచ్చినప్పుడు రాకుమారుడు హాన్స్ నిజస్వరూపం చాలామందిని నివ్వెరపరిచింది. ఆ ద్రోహం కథకు అవసరం కూడా. ప్రేమతో చేసే పని అంటే రాకుమారుడి ముద్దు అన్న పాత నమ్మకాన్ని కూల్చి, అక్క కోసం చెల్లెలు అడ్డుపడడం దగ్గరికి కథను చేర్చింది అదే. ‘బిగ్ హీరో 6’, ‘జూటోపియా’ కూడా అదే బాట పట్టాక, అతి మంచిగా మాట్లాడే సహాయ పాత్ర కనిపించగానే ప్రేక్షకుడు అనుమానించడం మొదలుపెట్టాడు. ఫార్ములా పాతబడితే నష్టపోయేది ఆ ఒక్క మలుపే అనుకుంటాం; నిజానికి నిజాయితీగా మంచివైన సహాయ పాత్రల మీద కూడా నమ్మకం పోతుంది.

చిత్రరేఖ

అందరి ఉదాహరణలూ చదివాక, గడిని నింపే పాత్రలూ కథను మోసే పాత్రా ఒకే చిత్రంలో పక్కపక్కనే ఉన్న సందర్భం ఒకటి చర్చకు పెట్టాలనిపించింది: 2008 నాటి ‘కుంగ్ ఫూ పాండా’. అందులో అయిదుగురు మహావీరులు ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక జంతు రూపం, ఒక పోరాట శైలి, పేరున్న నటుల గొంతులు. ఫార్ములా కోరే జట్టు అంటే అదే. టైగ్రెస్‌ను మినహాయిస్తే మిగిలిన నలుగురిలో ఎవరిని తీసేసినా నాయకుడైన పాండా పో తీసుకునే ఏ నిర్ణయమూ మారదు. వంతెన మీద ప్రతినాయకుడు తాయ్ లంగ్‌తో వారు చేసే పోరాటం కన్నులపండువగా ఉంటుంది, ఆ తర్వాత వారు ఓడి తిరిగి వస్తారు.

పో తండ్రి పింగ్ అనే బాతు మాత్రం సూప్ అమ్ముకునే హాస్యపాత్ర. కొడుకు తన దుకాణమే నడపాలన్న ఒకే కోరికతో ఉంటాడు, చిత్రమంతా ఆ కోరిక పో కలకు అడ్డంగానే కనిపిస్తుంది. పో ఓడిపోయినట్టు భావించి ఊరివాళ్లతో కలిసి వెళ్లిపోతున్నప్పుడు, కొడుకును ఓదార్చాలని తన సూప్ రహస్యం చెబుతాడు: అందులో ప్రత్యేకమైన దినుసు ఏదీ లేదు, ప్రత్యేకమని నమ్మితే చాలు. అపార శక్తి రహస్యం ఉందనుకున్న, పో చేతిలోని డ్రాగన్ పత్రం ఖాళీగా ఎందుకుందో ఆ క్షణంలో అతనికి అర్థమవుతుంది, వెనుదిరిగి యుద్ధానికి వెళ్తాడు. గురువు షిఫుకు కూడా అందని అర్థాన్ని ఆ తండ్రి, తానేం చెప్పాడో తనకే తెలియకుండా, అందించాడు. దుకాణం గురించి అతను అంతకుముందు చెప్పిన ప్రతి మాటా ఈ ఒక్క ఘట్టానికి ఏర్పాటే.

పాతరీలు

పింగ్ విషయంలో ఒక చిన్న చేర్పు, చిత్రరేఖ గారూ. ఆ రహస్యం చెప్పబోయే ముందు అతను ఇంకేదో చెప్పబోతున్నట్టు మాట మొదలుపెడతాడు, పాండా బాతుకు ఎలా పుట్టాడో ఇప్పుడు చెప్పేస్తాడని ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు. అది చెప్పకుండా సూప్ గురించి చెప్పడం అప్పటికి హాస్యంగానే వెళ్లిపోయింది. 2011లో వచ్చిన రెండో భాగం మొత్తం ఆ చెప్పని మాట మీదే నిలబడింది: పో ఎవరి బిడ్డ, తల్లి ఎవరు, పింగ్‌కు అతను ఎలా దొరికాడు అన్నవే అందులో ప్రతినాయకుడి ఫిరంగుల కంటే పెద్ద విషయాలు.